తొమ్మిది పేజీల విజయాలు, ఒక్క బొమ్మ లేదు: ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

నిడదవోలు_నాన్న
మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసై, "డాక్టరీ వద్దు, బొమ్మలు నేర్చుకుంటాను" అంది. రెండు నెలలు మా ఇంట్లో ఎవరూ కడుపునిండా అన్నం తినలేదు. చివరకు నేనే దిగివచ్చాను. ఇప్పుడు బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) ఉన్న కాలేజీల కోసం తిరుగుతున్నాం. నాది ఎరువులు, విత్తనాల దుకాణం. వడ్లు గుప్పిట్లోకి తీసుకుంటే మొలక ఎలా వస్తుందో చెప్పగలను. ఈ రంగంలో మాత్రం ఏది గింజో, ఏది తాలో తెలియడం లేదు.

ఒక విశ్వవిద్యాలయం వాళ్లు తమ లలితకళల విభాగం వార్షిక నివేదిక చేతిలో పెట్టారు. "అధ్యాపకుల సృజనాత్మక కృషి, విజయాలు" అని తొమ్మిది పేజీలు. ఫలానావారు ఫలానా వర్క్‌షాపులో పాల్గొన్నారు, ఫలానా పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లారు, ఫలానా చోట జ్ఞాపిక అందుకున్నారు. తొమ్మిది పేజీల్లో ఒక్క బొమ్మ లేదు! పెళ్లి సంబంధానికి ఫొటో లేకుండా బయోడేటా పంపినట్టుంది. మా బావమరిదేమో "బొమ్మ వేసేవాడు పాఠం చెప్పడు, పాఠం చెప్పేవాడు బొమ్మ వేయడు. నీకెందుకు ఆ గొడవ, హాస్టలు చూసుకో" అంటున్నాడు. తెలిసినవారు చెప్పండి. మాస్టార్ల సొంత బొమ్మలు చూసి కాలేజీ ఎంచుకోవాలా, అక్కర్లేదా?

తోటకూర_కట్ట
ఫొటో పంపలేదంటే బట్టతల అని అర్థం.

చాక్‌పీసు
బట్టతల కాదు తోటకూర గారూ, గడుల జబ్బు. ఆ పేజీలు నింపేది నాలాంటివాళ్లమే. ఏటా మార్చిలో ఆఫీసు నుంచి ఒక పట్టిక వస్తుంది. వ్యాసాలు, సదస్సులు, అవార్డులు, శిక్షణ తరగతులు అని గడులు ఉంటాయి. బొమ్మ అతికించే గడి ఉండదు. నేను ఒకసారి ఏడాదిన్నర కష్టపడి చేసిన శిల్పం ఫొటో జత చేసి పంపితే, "సార్, దీన్ని ఏ గడిలో రాయమంటారు?" అని గుమాస్తా ఫోను చేశాడు. పాపం, అతని తప్పు లేదు. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనల లెక్కలో గుర్తింపు పొందిన పత్రికలో ఒక వ్యాసం వస్తే 10 పాయింట్లు. శిల్పం చేసిన చేతికి వ్యాసం రాసే బాధ్యత అంటగట్టారు. కాబట్టి ఆ తొమ్మిది పేజీలు చూసి మాస్టార్లను తూచకండి. మంచివాళ్లు కూడా ఆ పేజీల్లో ఇలాగే కనిపిస్తారు.

లెక్కల_రావు
సొంత బొమ్మలతో పనేమిటని అడుగుతున్నాను. లెక్కల మాస్టారు కొత్త సిద్ధాంతం కనిపెట్టాడా అని చూసి పిల్లలను బడిలో వేస్తామా? మా అబ్బాయి చేరిన కాలేజీ కరపత్రం మీద ఒక పెద్ద చిత్రకారుడి ఫొటో ఉంది. విదేశాల్లో ప్రదర్శనలు, పెద్ద పేరు. ఏడాదిలో రెండుసార్లు కనిపించారట. ఒకసారి చేరిన రోజు, ఇంకోసారి గ్రూప్ ఫొటోకు. పాఠమంతా చెప్పింది పేరు లేని ఒక గెస్టు లెక్చరరు. మా వాడు ఇప్పటికీ ఆమెకే ఫోను చేస్తాడు.

నిడదవోలు_నాన్న
అయితే మా బావమరిది చెప్పిందే నిజమంటారా రావు గారూ? వాడికి ఈ మాట చెప్పను, నెత్తికెక్కుతాడు.

సిమెంటు_శిల్పి
రావు గారూ, మీ అబ్బాయికి జరిగింది అన్యాయమే. కాని ఆ పెద్దాయన బొమ్మలు వేయడం వల్ల జరిగింది కాదు, కాలేజీలో వేయకపోవడం వల్ల జరిగింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

బెంగాల్‌లో శాంతినికేతన్ కళాభవన్, అంటే అక్కడి కళల కాలేజీ సంగతి చూడండి. శిల్పి రామ్‌కింకర్ బైజ్ అక్కడే విద్యార్థి, అక్కడే అధ్యాపకుడు. బాంకుఢాలో పేద కుటుంబంలో పుట్టి 1925లో వచ్చాడు. 1938లో చేసిన "సంతాల్ కుటుంబం" శిల్పం ఇప్పటికీ ఆ ఆవరణలోనే నిలబడి ఉంది. కావడి మోస్తూ మగమనిషి, పక్కన ఆడమనిషి, పిల్లవాడు, వెంట కుక్క. వలసపోతున్న కూలి కుటుంబం, మనిషి కంటే పెద్ద కొలతలో. దేనితో చేశాడనుకున్నారు? కంచు పోత పోయించే డబ్బు ఎక్కడిది? సిమెంటులో ఆ నేల మీద దొరికే ఎర్ర గులకరాళ్లు కలిపి, ఇనుప చువ్వల చట్రం మీద చేత్తో విసిరి విసిరి నిలబెట్టాడు. ఎండలో, అందరి కళ్లముందు. విద్యార్థి తరగతి నుంచి హాస్టలుకు వెళ్లేటప్పుడు దాన్ని దాటుకుని వెళ్లాలి. నిన్న లేని చెయ్యి ఇవాళ వచ్చింది, ఇవాళ ఉన్న తల రేపు చెక్కేశారు. అంతకంటే పాఠం ఏముంటుంది? నేను అక్కడ చదవలేదు. ఒకసారి వెళ్లి రెండు గంటలు దాని చుట్టూ తిరిగి వచ్చాను. నా పేరు ముందు సిమెంటు వచ్చింది అప్పుడే.

తోటకూర_కట్ట
శిల్పి గారు ఇల్లు కట్టేవారని ఇన్నాళ్లూ అనుకున్నాను. వంటగది గట్టు ఎత్తు గురించి సలహా అడుగుదామని దాచుకున్నాను.

సిమెంటు_శిల్పి
అడగండి, చెబుతాను. గట్టులోనూ అదే సిమెంటు.

ఎచింగ్_ఆసిడ్
శిల్పి అన్న మాటకు నా సాక్ష్యం. అంత పాత కాలానికి, అంత దూరానికి పోనక్కర్లేదు, మన దగ్గరే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు కళల స్కూల్లో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు పాఠం చెప్పారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులో చదివి, 1963-65లో బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన ఎచింగుల్లో, అంటే లోహపు పలకను ఆసిడ్‌తో కొరికించి అచ్చు తీసే బొమ్మల్లో, మేకలు, చెట్లు, తలపాగాల మగవాళ్లు, ముక్కెరల ఆడవాళ్లు, ఊరి మోటుతనం అంతా ఆసిడ్ కొరికిన సన్నగీతల్లో ఉంటుంది. 2016లో పద్మశ్రీ వచ్చింది.

నేను ఆయన శిష్యుడిని కాను, శిష్యుడి శిష్యుడిని. మా మాస్టారు జింకు పలకను నైట్రిక్ ఆసిడ్ తొట్టెలో పెట్టి, బుడగలను కోడి ఈకతో తుడుస్తూ, "ఇప్పుడు తీయాలా, ఇంకాసేపు ఉంచాలా?" అని మమ్మల్ని అడిగేవారు. జవాబు పుస్తకంలో ఉండదు. ఆయన సొంత పలక మీద ఆయనకే తెలియక ఆగిపోయిన క్షణాలు చూశాం. మేము నేర్చుకున్నది అదే.

రంగుడబ్బా
నేను ఇప్పుడు మూడో ఏడు బీఎఫ్ఏ చదువుతున్నాను, పెయింటింగ్. అంకుల్, మా దగ్గర ఆరుగురు మాస్టార్లు. అందులో ఇద్దరి బొమ్మలే మేము ఎప్పుడైనా చూశాం. మిగతా నలుగురు వేస్తారో లేదో తెలియదు. ఒక మాస్టారికి నా ఫోనులో నా బొమ్మ చూపిస్తే దాన్ని వేలితో పెద్దది చేసి చూసి, "ఫొటో బాగా తీశావు" అన్నారు.

తోటకూర_కట్ట
ఆ మాస్టారు ఫొటోగ్రఫీ విభాగానికి అర్జీ పెట్టుకున్నారేమో.

పాతమద్రాసు
నా వయసు 79. మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో 1965లో చేరాను. ఆ రోజుల్లో మన జిల్లాల పిల్లలకు బొమ్మల చదువంటే మద్రాసు రైలే. ఆ బడి 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టినది. చూశారా నిడదవోలు గారూ, డాక్టరీకీ బొమ్మలకూ ఎప్పటి నుంచో చుట్టరికం.

మెరీనా బీచిలో "శ్రమ విజయం" చూసే ఉంటారు. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తూ ఉంటారు. అది చేసిన దేవీప్రసాద్ రాయ్‌చౌధురి 1929 నుంచి 1957 వరకు ఆ బడికి అధిపతి. దానికి నమూనాగా నిలబడిన వాళ్లలో ఒకడు కాలేజీ కాపలాదారు, ఒకడు విద్యార్థి. మేము చేరేనాటికి ఆయన పదవి వదిలేసి ఎనిమిదేళ్లయింది. అయినా ఆయన కుస్తీ పట్ల గురించి, వేణువు గురించి సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. ఏది నిజమో ఏది గాలో నాకు తెలియదు.

మా కాలానికి ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణిక్కర్. ఆయన అప్పుడు "మాటలు, సంకేతాలు" వరుస బొమ్మలు వేస్తున్నారు. బొమ్మ నిండా అక్షరాలు, జాతక చక్రాల్లాంటి గీతలు, లెక్కలు. చదవబోతే ఏమీ రాదు, చూడబోతే కళ్లు తిప్పుకోలేం. అయితే నేను చెప్పదలచింది ఆయన బొమ్మల గురించి కాదు. డిగ్రీ చేతికి వచ్చాక మేము ఏం తిని బతకాలి అన్నది ఆయనకు పట్టింది. బాటిక్ (మైనం పూసి రంగులద్దే) బట్టలు, చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొని 1966లో చోళమండలం కళాకారుల గ్రామం మొదలుపెట్టారు. మైనం మరకలు నా చొక్కాలకు కూడా అంటుకున్నాయి. అధ్యాపకుడి విజయాల పేజీలో ఒక ఊరు రాయవచ్చా? చాక్‌పీసు గారూ, దానికి గడి ఉందా?

చాక్‌పీసు
"విస్తరణ కార్యక్రమాలు" గడిలో పడుతుంది అయ్యా. మొక్కలు నాటడం, రక్తదానం, దాని కింద ఊరు.

బరోడా_బ్యాచ్
నాది కళాచరిత్ర. బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ఉన్నాను. గడుల మాట వచ్చింది కాబట్టి చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ గురించి చెప్పాలి. 1972 నుంచి 1990లో చనిపోయే వరకు అక్కడ పాఠం చెప్పారు. సన్నటి సరళరేఖలు, ఖాళీలు, అంతే. బొమ్మ కింద పేరు పెట్టేవారు కాదు, తేదీ వేసేవారు కాదు. ఇప్పుడు ఆమె పేరున ఆ పట్టిక నింపండి చూద్దాం. కృతి పేరు: లేదు. సంవత్సరం: లేదు. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు మెట్ బ్రోయర్ అనే కొత్త శాఖ తెరిచినప్పుడు మొదటి ప్రదర్శనల్లో ఒకటి ఆమెది. అప్పటికి చనిపోయి పాతికేళ్లు దాటింది. ఏ వార్షిక నివేదికకూ అందని విజయం.

లెక్కల_రావు
మేడం, మీరు నా వైపు మాట్లాడుతున్నారా, వాళ్ల వైపా? బతికుండగా లోకానికి తెలియని గొప్పతనం ఉంటే, నిడదవోలు గారు దాన్ని ఏ దుర్భిణితో చూడాలి?

బరోడా_బ్యాచ్
ఎవరి వైపూ కాదు. లోకానికి తెలియలేదేమో గాని తరగతిలో ఉన్న పిల్లలకు తెలుసు. అందుకే నివేదికను కాదు, పిల్లలను అడగాలి. "మీ మాస్టారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని ఒక్క ప్రశ్న. ఏం చేశారు అని కాదు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని. తడుముకోకుండా చెప్పారంటే ఆ కాలేజీలో ప్రాణం ఉన్నట్టు.

అక్కడ ఇంకో అలవాటు ఉండేది. ఫైన్ ఆర్ట్స్ మేళా. అధ్యాపకులు, విద్యార్థులు కలిసి బొమ్మలు, ఆటవస్తువులు చేసి అమ్మడం. సుబ్రమణ్యన్ అంతటి మనిషి చెక్క ముక్కలకు పూసలు గుచ్చి పిల్లల ఆటబొమ్మలు చేశారు. ఆయన మధ్యలో కొన్నాళ్లు చేనేత బోర్డులో డిజైన్ల పని కూడా చూసి వచ్చారు. గోడ మీద పెద్ద కుడ్యచిత్రానికీ, చేతిలో ఇమిడే గుర్రానికీ ఎక్కువ తక్కువలు పెట్టలేదు. 2009లో శాంతినికేతన్‌లో డిజైన్ విభాగం భవనం గోడల మీద తన నలుపు తెలుపు బొమ్మలను మళ్లీ కొత్తగా వేశారు. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు.

నిడదవోలు_నాన్న
85 ఏళ్లకు గోడెక్కారా! మా నాన్నగారు 70కే మేడమెట్లు మానేశారు.

ఎచింగ్_ఆసిడ్
వయసు మాట సరే, బినోద్ బిహారీ ముఖర్జీ సంగతి? ఇదే సుబ్రమణ్యన్‌కు గురువు. పుట్టుకతోనే చూపు సరిగా లేని మనిషి. 1946-47లో శాంతినికేతన్ హిందీభవన్ గోడల మీద మధ్యయుగపు సంతుల కుడ్యచిత్రం వేశాడు. కబీరు, సూరదాసు, తులసీదాసు, ఒకరి పక్కన ఒకరు నదిలా సాగిపోతారు. తడి సున్నం మీద వేసే పద్ధతి అది. సున్నం ఆరేలోపు రంగు పడాలి, తప్పు పడితే ఆ ముక్క చెక్కి పారేయాలి. చూపు మసకగా ఉన్న మనిషి ఆ పద్ధతి ఎంచుకున్నాడు! పదేళ్లకు ఆపరేషను వికటించి చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా కాగితాలు కత్తిరించి అతికించాడు, మట్టి ముద్దలతో బొమ్మలు చేశాడు, 1972లో కళాభవన్ గోడకు పలకల కుడ్యచిత్రం చేయించాడు, పాఠం చెప్పాడు. సత్యజిత్ రాయ్ కళాభవన్‌లో ఆయన విద్యార్థే. గురువు మీద 1972లో ఒక చిన్న డాక్యుమెంటరీ సినిమా తీశాడు.

లెక్కల_రావు
ఇక్కడ అందరూ శాంతినికేతన్, బరోడా అంటున్నారు. వాళ్లు మహానుభావులు, ఒప్పుకుంటాను, దండం పెడతాను. అయితే ఒక అనుమానం. పెద్ద మాస్టారి పెద్ద పని అంటారు, దాని వెనక చాకిరీ చేసింది ఎవరు? విద్యార్థులు కాదా? మా అబ్బాయి ఒక వేసవి అంతా ఒక మాస్టారి శిల్పానికి ఫైబర్‌గ్లాస్ రుద్దాడు. చేతుల నిండా దద్దుర్లు. ఆవిష్కరణ నాడు పేరు లేదు, భోజనం కూపన్ కూడా లేదు.

సిమెంటు_శిల్పి
ముఖానికి గుడ్డ కట్టించకుండా, చేతికి తొడుగులు ఇవ్వకుండా ఫైబర్ రుద్దించడం నేరమే. అందులో వాదన లేదు.

బరోడా_బ్యాచ్
రావు గారి ప్రశ్న నాకు నచ్చింది. ఇది దాటవేయాల్సింది కాదు. కళాభవన్ పెద్ద మాస్టారు నందలాల్ బోస్ ఉదాహరణ చూడండి. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ. గాంధీజీ అడిగితే పోస్టర్లు వేశారు. వడ్రంగి, చర్మం కుట్టేవాడు, వంటమనిషి, డప్పు వాయించేవాడు. మొత్తం 400 దాకా అయ్యాయి. అన్నీ ఆయన చేత్తో వేసినవి కావు. మూలాలు ఆయనవి, ప్రతులు కళాభవన్ బృందానివి. ఇక భారత రాజ్యాంగం మూలప్రతి. 22 భాగాలకూ తల మీద బొమ్మలు ఉంటాయి. నందలాల్ ఆధ్వర్యంలో జరిగిన పని, అందరికీ ఆయన పేరే తెలుసు. కాని ప్రవేశిక పేజీ అలంకరణ చేసింది ఆయన శిష్యుడు బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా. ఆ పేజీ మూలన "రామ్" అని చిన్న సంతకం ఉంది. అక్షరాలు రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా వేరే మనిషి. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తాతగారి పేరు ఉంటే చాలు, డబ్బు వద్దన్నాడంటారు.

అంటే గురువు సంస్థకు తెచ్చిన పనిలో శిష్యుడు సంతకం పెట్టుకునే చోటు ఉంది. ఆ చోటు ఉందా లేదా అన్నది నేను చూసే గుర్తు.

లెక్కల_రావు
ఆ సంతకం సంగతి నాకు తెలియదు. మా అబ్బాయికి పంపాను. "నాన్నా, నువ్వు ఈ గుంపులో ఎప్పుడు చేరావు?" అని అడిగాడు.

విశాఖ_ఇసుక
అందరూ విశాఖను మరిచిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో జి. రవీందర్ రెడ్డి, వి. రమేష్ ఇద్దరూ ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. ఇద్దరూ బరోడాలో చదివి వచ్చినవాళ్లే, ఇద్దరి దారులు మాత్రం ఉప్పు, నిప్పు.

రవీందర్ రెడ్డి గారి తలలు ఎక్కడైనా చూశారా? ఫైబర్‌గ్లాస్‌తో మనిషి ఎత్తు దాటిన ఆడతలలు. బంగారు రేకు పూత, రెప్ప వేయకుండా చూసే గుండ్రటి కళ్లు, వెనక్కి వెళ్తే కొప్పు, కొప్పు చుట్టూ పూలు. ముందు నుంచి చూస్తే అమ్మవారు, వెనక నుంచి చూస్తే సంతలో బేరమాడే మన పిన్ని. లండన్‌లో కూడా చదివి వచ్చిన ఆయన ఆ కొప్పును మాత్రం మన ఊళ్ల నుంచే తీసుకున్నారు. రమేష్ గారు అందుకు పూర్తిగా భిన్నం. రమణ మహర్షి, అక్కమహాదేవి లాంటి భక్తుల మాటలు, పొరలు పొరలుగా రంగు, అందులో సగం కనిపించి సగం దాగే అక్షరాలు. ఒకే నడవాలో ఈ రెండు రకాల గదులు. పిల్లవాడు ఎవరినీ గుడ్డిగా అనుకరించలేడు, ఎందుకంటే పక్క గది ఒప్పుకోదు. ఈ మేలు గురించి ఎవరూ చెప్పరు. ఒకే ఒక్క మహానుభావుడు ఉన్న కాలేజీలో చేరితే నాలుగేళ్లకు అందరి బొమ్మలూ ఆయన బొమ్మల్లా తయారవుతాయి.

రంగుడబ్బా
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మా సీనియర్ల బ్యాచ్ మొత్తం నీలం రంగే. మాస్టారికి నీలం ఇష్టం. వార్షిక ప్రదర్శనకు వెళితే ఈతకొలనులో దిగినట్టు ఉంటుంది.

తోటకూర_కట్ట
ఈత రానివాళ్లకు ఇంటర్నల్ మార్కులు తగ్గుతాయేమో.

చాక్‌పీసు
నవ్వండి, నవ్వండి. నేను ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. మొదటి పోస్టులో పట్టిక మీద, ఆఫీసు మీద నెట్టాను. రామ్‌కింకర్ గురించి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నా సొంత పని నేను ఇంట్లో, మేడ మీద రేకుల షెడ్డులో చేస్తాను. కాలేజీలో చేయను. ఎందుకంటే ఒకసారి సగంలో ఉన్న పని చూసి సహోద్యోగి ఒకరు విద్యార్థుల ముందు తేలిగ్గా మాట్లాడారు. అప్పటి నుంచి పూర్తయినవే చూపిస్తాను. పదకొండేళ్లు అయింది. అంటే నా పిల్లలు నేను తప్పు చేయడం పదకొండేళ్లుగా చూడలేదు.

సిమెంటు_శిల్పి
అన్నా, రేపు ఒక మట్టి ముద్ద తీసుకెళ్లి బల్ల మీద పెట్టు. మిగతాది అదే చూసుకుంటుంది.

పాతమద్రాసు
సోమనాథ్ హోర్ సంగతి తెలుసా చాక్‌పీసూ? కళాభవన్‌లో ప్రింటు విభాగం చూసినవాడు. బెంగాల్ కరవును కళ్లారా చూసిన మనిషి, జీవితమంతా గాయాలే చేశాడు. తెల్ల కాగితపు గుజ్జు మీద రంగు లేకుండా తెల్లటి గాయాలు. 1977లో వియత్నాం యుద్ధం మనసులో పెట్టుకుని తల్లీబిడ్డ కంచు శిల్పం, పెద్దది, చేసి ముగించిన కొద్ది కాలానికే ఆవరణలోంచి దొంగలు ఎత్తుకుపోయారు. మళ్లీ దొరకలేదు. అంత పెద్ద పని పోయాక కూడా చిన్న చిన్న కంచు బొమ్మలు చేస్తూనే ఉన్నాడు. ఒకడు తేలిగ్గా మాట్లాడితే నువ్వు మేడెక్కి కూర్చున్నావా?

చాక్‌పీసు
మాట పడ్డాను. దిగుతాను.

లెక్కల_రావు
నాదీ ఒక సవరణ. పని చేసే మాస్టారు కావాలి, ఒప్పుకుంటున్నాను. కాని పేరున్న మాస్టారు కావాలని ఒప్పుకోను. మా అబ్బాయికి పాఠం చెప్పిన గెస్టు లెక్చరరు ఏం చేసేవారని అడిగాను. రోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత పిల్లలతో కూర్చుని అరగంట స్కెచ్ వేసేవారట. ఆమెకు అవార్డులు లేవు. ఏ నివేదికలోనూ పేరు లేదు, ఎందుకంటే పర్మినెంటు ఉద్యోగం కాదు.

బరోడా_బ్యాచ్
ఇది చాలా ముఖ్యం. చాలా విభాగాల్లో ఖాళీలు నింపక, బరువంతా గెస్టు అధ్యాపకుల మీదే ఉంది. నిబంధనల్లో పీహెచ్‌డీ లేని వృత్తి కళాకారులకు దారి ఉంది గాని, ఆ దారి మీద నడిచి వచ్చినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. అంకుల్, వెళ్లినప్పుడు గెస్టువాళ్ల గురించి కూడా అడగండి.

నిడదవోలు_నాన్న
ఇంత చెప్పారు, కాబట్టి వెళ్లి వచ్చిన సంగతి చెప్పాలి. మొన్న గురువారం అమ్మాయిని తీసుకుని ఒక కాలేజీకి ముందు చెప్పకుండా వెళ్లాను. ఆఫీసు తాళం వేసి ఉంది. శిల్పం గది తెరిచి ఉంది. నేను మేడం చెప్పిన ప్రశ్న అడిగాను. "మీ మాస్టారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" ఒక కుర్రాడు తలెత్తకుండానే మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ తడిగుడ్డ కప్పిన మట్టి తల ఒకటి. సెలవుల్లో కూడా రోజూ పొద్దున అటెండరు నీళ్లు చల్లుతాడట, లేకపోతే బీటలు పడుతుందట. మా నారుమడి లెక్కే.

కాసేపటికి ఒకావిడ చేతుల నిండా మట్టితో వచ్చారు. గెస్టు అధ్యాపకురాలు. నాతో రెండు మాటలు మాట్లాడి అమ్మాయి పుస్తకం తీసుకున్నారు. వేలిముద్రలు పడకుండా మోచేతితో పేజీలు తిప్పారు. దేవుడి బొమ్మలు, సినిమావాళ్ల బొమ్మలు, నేను గర్వంగా అందరికీ చూపించేవి, అన్నీ గబగబా దాటేశారు. మా వెనక వీధి మేక బొమ్మ దగ్గర ఆగారు. "వెనక కాళ్లు చూసి వేశావా, అనుకుని వేశావా?" అని అడిగారు. అమ్మాయి మాట్లాడలేదు. "చూసి మళ్లీ వేసి తీసుకురా" అన్నారు. ఫీజు గురించి, హాస్టలు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

బస్సులో అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. రాత్రి తొమ్మిదికి టార్చిలైటు పట్టుకుని మేకల పాక దగ్గర ఉంది. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఎచింగ్_ఆసిడ్
మేక దగ్గర ఆగారా! ఆవిడకు వెయ్యి దండాలు. లక్ష్మాగౌడ్ గారి మేకలు ఒకసారి చూపించండి అమ్మాయికి. మేక ముఖంలో మనిషి మొండితనం ఉంటుంది.

విశాఖ_ఇసుక
ప్రవేశ పరీక్ష దరఖాస్తు గడువు చూసుకున్నారా అంకుల్? కాలేజీ నచ్చిన ఆనందంలో చాలామంది అది మరిచిపోతారు.

నిడదవోలు_నాన్న
నిన్ననే కట్టాను. కాని మేకతో చిక్కొచ్చింది. నాలుగుసార్లు వేసింది, నాలుగుసార్లు చింపింది. వెనక కాలు కుర్చీ కాలులా వస్తోందట. మేక కదలకుండా ఉండదు, టార్చి వేస్తే లేచి నిలబడుతుంది.

సిమెంటు_శిల్పి
అందరూ అక్కడే పడతారు. వెనక కాలు మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించేది మోకాలు కాదని చెప్పండి. అది మడమ. మేక మునివేళ్ల మీద నడుస్తుంది. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, చర్మం కింద దాగి ఉంటుంది. టార్చి తీసేయమనండి, చీకట్లో చేత్తో తడిమి చూడమనండి. తర్వాత గీయమనండి.

నిడదవోలు_నాన్న
చదివి వినిపించాను. ముందు తన మడమ తడుముకుంది. ఇప్పుడు మళ్లీ పాక దగ్గరికి వెళ్లింది. టార్చి ఇంట్లోనే ఉంది.